భూమ్మీద లేని ఆరో పేజీ

నిన్న మధ్యాహ్నం ప్రెస్సు నుంచి కొత్త బ్రోచర్ల కట్ట వచ్చింది. కట్టకు చుట్టిన గోధుమరంగు కాగితం చింపగానే లామినేషన్ జిగురు వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసన నాకు పడదు. ముక్కు మండుతుంది. ఇన్నేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, ఇంకా అలవాటు కాలేదు. పై కాపీ తీసి మడత మీద బొటనవేలితో గట్టిగా ఒత్తి చూశాను. రంగు పగిలి తెల్లగీత పడలేదు. బాగానే చేశారు. సంతోషించవలసిన చోట నాకు కోపం వచ్చింది. మడతను అలా ఒత్తి చూడమని నేర్పిన మనిషి మీద కోపం. ఆమె చనిపోయి నాలుగేళ్ళు దాటింది. ఆమె మీద నాకున్న ఫిర్యాదుల్లో ఒక్కటీ తగ్గలేదు.

ఆమె పేరు గంగామణి. ఆర్మూర్‌లో పాత బస్టాండు వెనక సందులో ప్రెస్సు నడిపేది. పసుపు వ్యాపారుల బిల్లు పుస్తకాలు, పెళ్ళి కార్డులు, దుకాణాల క్యాలెండర్లు అచ్చువేసే చిన్న ప్రెస్సు. పొట్టి మనిషి, కొంగు ఎప్పుడూ నడుముకు దోపుకొని ఉండేది, గోళ్ళ సందుల్లో సిరా పోయేది కాదు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. మెల్లగా అన్న మాటే ఎక్కువ కోస్తుందని నాకు అక్కడే తెలిసింది. భర్త భూమన్న మస్కట్‌లో పనిచేసేవాడు. ఆయన పంపిన డబ్బుతో ప్రెస్సు పెట్టిందని ఊరంతా అనేది. మొదటి మిషను తన నగలు అమ్మి కొన్నదని ఆమె ఎవరికీ చెప్పేది కాదు. ఆ మాట ఆమె అత్త నోటనే ఒకసారి జారితే విన్నాను.

నేను హైదరాబాద్‌లో డిజైన్ కోర్సు చేసి, వెబ్‌సైట్లు తయారుచేయడం కూడా నేర్చుకొని తిరిగి వచ్చిన కాలం అది. రెండు వేల ఐదో ఆరో అయి ఉంటుంది. మా నాన్న మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీ. మా వాడలో కంప్యూటర్ నేర్చుకున్న మొదటి మనిషిని నేనే. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వలేదు కూడా. పని అడగడానికి వెళ్ళినప్పుడు గంగామణి అక్క "ఏమొచ్చు నీకు?" అని అడిగింది. నాకు వచ్చిన సాఫ్ట్‌వేర్ల పేర్లన్నీ వరసగా చెప్పాను. మొత్తం విని ఒక బిల్లు పుస్తకం ప్రూఫు నా చేతిలో పెట్టింది. "గీసెటోళ్ళు మస్తు మంది వస్తున్నరు బిడ్డా. సదివెటోళ్ళే దొరుకుతలేరు. జర ఇది సదువు" అంది. హైదరాబాద్‌లో నేర్చుకున్నదంతా అవతల పెట్టి, ఆ రోజంతా బస్తాల తూకం గళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తూ కూర్చున్నాను. మొదటి ఫిర్యాదు అదే.

రెండోది టీ గ్లాసు. ప్రెస్సు పైనే వాళ్ళ ఇల్లు. వాళ్ళ అత్త అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ పంపేది, నాకు మాత్రం కిటికీలో విడిగా బోర్లించిన గాజు గ్లాసులో. ఎందుకో మా వాడ మనుషులకు ఒకరు చెప్పనక్కరలేదు. చర్చికి పోయినా, కోర్సు చేసినా ఆ గ్లాసు మారదు. గంగామణి అక్క చాలా రోజులు చూస్తూ ఊరుకుంది. ఒక రోజు ఆ గాజు గ్లాసు తనే తీసుకొని టీ తాగి, తన స్టీలు గ్లాసు నా వైపు జరిపింది. అత్తకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి అందరికీ ఒకే రకం గ్లాసులు వచ్చాయి. అది మంచి పనేనని అందరూ అంటారు. నేనూ కాదనను. కానీ అన్ని రోజులు ఎందుకు ఊరుకుందో నాకు జవాబు కావాలి. ఆమె బతికి ఉండగా అడిగాను. "మాటతోటి మారేదైతే ఎన్నడో అందును" అంది. అది జవాబని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఊరి చుట్టూ ప్లాట్ల కాలం మొదలైంది అప్పుడే. నిన్నటిదాకా ఎర్రజొన్న పండిన చేలల్లో సున్నం పూసిన రాళ్ళు లేచాయి. కొనేవాళ్ళు ఎక్కువమంది ఊళ్ళో ఉండరు. దుబాయ్, షార్జా, మస్కట్, బహ్రెయిన్ అంటూ ఎడారుల్లో ఉంటారు. వాళ్ళకు సెలవు శుక్రవారం. ఆ రోజు అక్కడ మగవాళ్ళు నెట్ సెంటర్లకు పోయి వెబ్‌సైటు తెరిచి చూసేవాళ్ళు. ఇక్కడ భార్యలు బ్రోచరు ముందేసుకొని ఫోన్ పట్టుకొని కూర్చునేవాళ్ళు. ఆయన తెర చూస్తాడు, ఈమె కాగితం చూస్తుంది, మధ్యలో సముద్రం. ప్లాటు కొనడమంటే ఆర్మూర్ చుట్టుపక్కల అప్పుడు ఇదీ పద్ధతి. మేం డిజైన్ చేసే వాళ్ళం మాత్రం ఈ పద్ధతి ఒకటుందని పట్టించుకోలేదు. బ్రోచరు ఒకరు చేసేవారు, వెబ్‌సైటు ఇంకొకరు. దేని అందం దానిది.

హన్మాండ్లు అని, అంతకుముందు మక్కజొన్నల వ్యాపారం చేసి ప్లాట్లలోకి దిగిన ఒకాయన మా దగ్గరకు వచ్చాడు. బ్రోచరూ వెబ్‌సైటూ రెండూ కావాలన్నాడు. నా రోజు వచ్చిందనుకున్నాను. బ్రోచరు మొదటి పేజీలో ఒక విదేశీ కుటుంబం పచ్చిక మీద నవ్వుతున్న ఫొటో పెట్టాను. వెబ్‌సైటు తెరవగానే సంగీతం, మబ్బుల్లోంచి తేలి వచ్చే అక్షరాలు. ప్లాట్ల పటాన్ని కాగితం మీద నిలువుగా పెట్టాను, తెర మీద అడ్డంగా తిప్పాను, ఎందుకంటే తెర అడ్డంగా ఉంటుంది. చూపించే రోజు హన్మాండ్లు తన మనుషులతో వచ్చి కూర్చున్నాడు. గంగామణి అక్క తెర వైపు ఒకసారి చూసింది. బ్రోచరు తీసుకొని, మడతలు పెట్టే వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది. రెండు నిమిషాలకు నా బల్ల మీద ఫోన్ మోగింది.

"హలో, ఎవలు?" అంది ఆమె గొంతు.

"నేనే అక్కా, ఎస్తేరును."

"నేను అక్కను గాదు. నందిపేట్ దిక్కు మనిషిని. నా పెనిమిటి షార్జాల ఉంటడు. నువ్వే నా పెనిమిటివి. నీ ముందట కంప్యూటర్, నా ముందట కాయిదం. ఏ ప్లాటు కొందమంటవో చెప్పు."

హన్మాండ్లు అప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు. "పైన కుడి పక్కన చూడండి, ఆకుపచ్చ రంగులో..." అన్నాను.

"కుడి పక్కన ఎవలో దొరసాని ఇకిలిచ్చుకుంట నిలబడ్డది. ఆమెను కొందమంటవా?"

"అది కాదు, పటం... పటం ఉన్న పేజీ..."

"ఎన్నో పేజీ?"

వెబ్‌సైటులో పేజీలకు నంబర్లు ఉండవు. అదే చెప్పాను. "మరి నేనెట్ల దియ్యాలె?" అంది ఆమె. ఎలాగో పటం ఉన్న చోటు చెప్పగలిగాను. రోడ్డు కింద ఉందంటే తన కాగితంలో పక్కన ఉందంది, మూల ప్లాటు అంటే నాలుగు మూలల్లో ఏదంది. హన్మాండ్లు కడుపు పట్టుకొని "ఓ గంగామణీ, నీ పెనిమిటికి ఏం తెలుస్తలేదే!" అని నవ్వాడు, అతని మనుషులందరూ నవ్వారు. ఆమె తలుపు తీసుకొని వచ్చి, "మల్ల జెయ్యి బిడ్డా. ఫోన్ల చెప్పనీకి వచ్చినట్టు జెయ్యి" అంది. ఆమె చెప్పింది సరైనదే. ఆ సంగతి అప్పుడే తెలిసింది నాకు. కానీ వాళ్ళు వెళ్ళాక చెప్పవచ్చు కదా. నలుగురిలో చెప్పడం ఎందుకు? ఈ మాట కూడా ఆమెను అడిగాను. "నవ్వకపోతే యాదికుంటుండెనా?" అంది.

మళ్ళీ చేశాను. కోపంతో చేశాను. వెబ్‌సైటులో పేజీలకు నంబర్లు ఎక్కడా ఉండవని చెబితే, "ఎక్కడా లేకుంటేంది, ఈడ ఉంటయి" అంది. తెర మీద మొదటి పేజీ బ్రోచరు అట్టలాగే ఉండాలి. తర్వాత వచ్చే పేజీలు అదే వరసలో, అదే రంగుల్లో, పైన మూలకు అదే పెద్ద నంబరుతో ఉండాలి. పటం రెండు చోట్లా ఒక్కలాగే పడుకోవాలి. దొరసానిని తీసేసి నేల ఫొటోలు పెట్టాం, ఏ రాయి దగ్గర నిలబడి తీశామో పటంలో గుర్తు వేశాం. గల్ఫ్ నెట్ సెంటర్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనబడేవి, అందుకని ప్రతి పేజీనీ బొమ్మగా మార్చి పెట్టవలసి వచ్చింది. అది పై నుంచి కిందికి మడత చీర విప్పినట్టు మెల్లగా తెరుచుకునేది. నాకు సిగ్గుగా ఉండేది. హైదరాబాద్‌లో నాతో చదివినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని భయపడేదాన్ని. కాగితాన్ని తెచ్చి తెరకు అంటించినట్టుంది అని సణిగితే, "గదే గావాలె" అనేది.

ఆమెకు ఈ పట్టుదల ఎందుకో ఒక మధ్యాహ్నం తెలిసింది. అందరం కింద కూర్చొని బ్రోచర్లు మడుస్తున్నాం. కరెంటు లేదు. ఎవరూ అడగకుండానే చెప్పింది. చాలా ఏళ్ళ కిందట వాళ్ళూ ఒక ప్లాటు కొన్నారు. మస్కట్ పోయే మనిషి ఒకడు భూమన్నకు ఆ వెంచరు బ్రోచరు తీసుకుపోయి ఇచ్చాడు. ఆ తర్వాత యజమాని ఒక దారిని జరిపి, ప్లాట్ల నంబర్లు మార్చి, బ్రోచరు కొత్తగా వేయించాడు. భూమన్న చేతిలో పాతది, ఈమె చేతిలో కొత్తది. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఫోన్‌లో ఇద్దరూ నలభై ఒకటి అనుకున్నారు. ఆయన పటంలో నలభై ఒకటి రోడ్డు మీద ఉంది. ఈమె పటంలో కాలువ పక్కన ఉంది.

"నేను పిల్లను సంకనేసుకొని నడిసి పోయి చూసిన. కాల్వ గట్టు మీద నిలబడి చూసిన. వానలు పడితే గీడ నీళ్ళు ఆగుతయి, మనకొద్దు అని చెప్పిన. రోడ్డు మీద నీళ్ళెట్ల ఆగుతయే, అసలు పోయినవా నువ్వు, అన్నడు. కొన్నడు. సెలవు మీద వచ్చినంక పోయి చూస్తే మోకాలు లోతు నీళ్ళు." కాగితం మడుస్తూనే ఉంది. "ఇంట్ల గూసొని చూసిన అని చెప్పినవ్ అని అందరి ముందట అన్నడు. మా అత్త, మా ఆడిబిడ్డ, అందరు ఉన్నరు."

"రెండు బ్రోచర్లు చూపిస్తే తెలిసిపోయేది కదా అక్కా?" అన్నాను.

"చూపెట్టిన. పాతది ఆయన పెట్టెలనే ఉండె. రెండు పక్కపక్కన పెట్టి చూపెట్టిన."

"ఏమన్నాడు?"

"చూసిండు. లేసి పోయి కాళ్ళు కడుక్కున్నడు."

మడిచిన బ్రోచర్లు ఒక దొంతరగా సర్ది పక్కకు పెట్టింది. "కాయిదం తప్పైతే మల్ల అచ్చేస్తం బిడ్డా. ఆడమనిషి మాట తప్పని ఒక్కసారి పేరువడితే, దాన్ని మల్ల ఎవలు అచ్చెయ్యరు" అంది. ఆ విషయం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

హన్మాండ్లు మొదటి వెంచరు ప్లాట్లు తొందరగా అమ్ముడుపోయాయి. ఆ శుక్రవారాల్లో కొందరు ఆడవాళ్ళు నేరుగా ప్రెస్సుకే వచ్చేవాళ్ళు, అర్థం కానిది మమ్మల్ని అడగవచ్చని. వాళ్ళలో నందిపేట్ దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చే లక్ష్మి ఒకతె. గట్టి మనిషి. భర్త షార్జాలో మేస్త్రీ. ఆమె ఫోన్ మాట్లాడుతుంటే సందులో ఆగి వినేవాళ్ళు.

"ఇంటున్నవా? నాలుగో పేజీ దియ్యి. తీసినవా? ఇంక తెరుసుకుంటనే ఉన్నదా? ఏం కంప్యూటరయ్యా అది, మన బర్రె లేసినట్టు లేస్తుంది... ఆఁ, వచ్చిందా? పసుపు రంగు కాడ మూల ప్లాటు జూడు. చూసినవా? గది వద్దు. వద్దంటే వద్దు. ఆడ పక్కపొంటి మురికి మోరి పోతది, నేను పోయి చూసిన. దాని యెన్కది దీసుకుందం... ఏందీ? నీకు మూల ప్లాటే గావాల్నా? అయితే నువ్వే వచ్చి ఆడ పండు!"

అవతల ఆయన ఏమన్నాడో, ఈమె ఫక్కున నవ్వింది. వెనక ప్లాటే తీసుకున్నారు. లక్ష్మి పోయేటప్పుడు బ్రోచరు చూపించి "గిది మంచిగుంది చెల్లె. నేను చెప్పింది ఆయనకు కండ్లవడుతుంది" అని నాతో అంది. నా పనిని మెచ్చుకుంటూ ఎవరైనా అన్న మాటల్లో నేను దాచుకున్నది అదొక్కటే. గంగామణి అక్క ఎన్నడూ మెచ్చుకోలేదు. బ్రోచరు వెనక అట్ట మీద ప్రెస్సు పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది. చిన్న అక్షరాల్లో డిజైన్ ఎస్తేరు అని వేద్దామని ఎన్నిసార్లో అడిగాను. "సదివెటోనికి నీ పేరుతోటి ఏం పని?" అనేది. మరి ప్రెస్సు పేరుతో ఏం పని అని అడిగితే నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు ఫిర్యాదుల్లో అన్నిటికంటే పైన ఉంది.

రెండో వెంచరుకు బ్రోచరు అచ్చయిపోయి పంచడం కూడా మొదలైంది. ఇక వెబ్‌సైటు చేయాలి. అప్పుడు హన్మాండ్లు వచ్చి ఒక కొత్త మాట చెప్పాడు. వెబ్‌సైటులో ఇంకో పేజీ కలపాలి. పెద్ద కమాను, పార్కు, నీలం నీళ్ళ ఈతకొలను.

"అవి యాడున్నయి సేటూ?" అంది గంగామణి అక్క.

"వస్తయి తియ్యి. ఇప్పుడైతే బొమ్మ పెట్టు."

"మరి బ్రోచర్ల ఎందుకు ఎయ్యలే?"

"ఊళ్ళె ఉన్నోళ్ళు బండేసుకొని పోయి చూసొస్తరు గదా. ఎయ్యనీకి నాకేమన్న పిచ్చా? ఇక్కడోళ్ళకు కాయిదం చాలు. దుబాయోళ్ళకు జర రంగులు చూపియ్యాలె. రెండు ఒక్కతీరుగనే ఉండాల్నని యాడన్న రాసున్నదా?"

"ఎవలన్న ఒక్కలు కొలను ఉన్నదంటే, ఇంకొకలు లేదంటరు. ఫోన్ల ఎవల మాట నెగ్గుతది సేటూ? తెర మీద కండ్లార చూసినోనిదా, గీడ పెండ్లాందా?"

"అది ఆలుమగల పంచాయితి. నీకేం ఫికర్?"

"నాకదే ఫికర్. నేను చెయ్య" అంది ఆమె.

హన్మాండ్లు ఆమెతో వాదించలేదు. నా వైపు తిరిగాడు. వెబ్‌సైటు నువ్వే విడిగా చేసిపెట్టు, కింద నీ పేరు వేసుకో, ఎంత పెద్దగా వేసుకుంటావో నీ ఇష్టం, ఇకముందు నా పనులన్నీ నీకే, అన్నాడు. నేను ఇన్నాళ్ళు అడిగింది అదే. ఆమె ఎదురుగానే అన్నాడు. ఆమె నన్ను చూడను కూడా లేదు. ఉండు అనలేదు, పో అనలేదు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి నా బల్ల మీది సామాన్లు అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది ఉన్నాయి. నేను పోతానని ఆమె తేల్చేసుకుంది.

నేను పోలేదు. దీన్ని విలువల కోసం చేశానని ఎవరైనా రాస్తే నమ్మవద్దు. ఆ అట్టపెట్టె చూసి నాకు వచ్చిన కోపం వల్ల పోలేదు. "నన్ను అడగకుండ ఎట్ల సర్దుతవ్ అక్కా? నేను పోతనని నీకు చెప్పిన్నా?" అని అరిచాను. "చెప్పలే" అంది. "మరి?" అన్నాను. "నీ పేరు నీకు గావాలె గదా. అది నేను ఇయ్యలేకపోయిన" అంది. పెట్టెలోంచి సామాన్లు తీసి ఒక్కొక్కటే బల్ల మీద చప్పుడు చేస్తూ పెట్టాను. హన్మాండ్లుకు ఫోన్ చేసి, లేని కొలను కింద నా పేరు మునిగిపోతుంది, నాకొద్దు అని చెప్పాను. ఆయన ఇంకెక్కడో చేయించుకున్నాడు. చేసినవాడు తెలివైనవాడు. మా అట్ట, మా రంగులు, మా పేజీ నంబర్లు అన్నీ అలాగే దించి, ఐదో పేజీ తర్వాత ఆ కొలను పేజీని దూర్చాడు. దాని మూలకు పెద్దగా ఆరు అని మా పద్ధతిలోనే వేశాడు. మా బ్రోచరు ఐదో పేజీతో అయిపోతుంది.

తర్వాతి శుక్రవారం లక్ష్మి వచ్చింది. రెండో వెంచరులో వాళ్ళ మరిదికి ప్లాటు కొనాలని చూస్తున్నారు. ఈసారి నవ్వు లేదు. బ్రోచరు నా బల్ల మీద విసిరేసింది. "ఏం చెల్లె, గింత అన్యాలమా? ఆరో పేజీ ఎందుకు ఎగ్గొట్టిండ్రు?" అంది. ఆమె వెనకే ఇంకా కొందరు ఆడవాళ్ళు వచ్చారు, అందరి మాటా అదే. భర్తలు తెర మీద ఆరో పేజీ చూస్తున్నారు, భార్యల చేతిలో ఆరో పేజీ లేదు. ఇన్నాళ్ళు తెరా కాగితమూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయి కదా, కాబట్టి కాగితంలోనే పేజీ ఊడిపోయి ఉండాలి. లేకపోతే భార్యే చింపేసి ఉండాలి, లేదా సరిగ్గా చూడకుండా చెబుతూ ఉండాలి. తెరా కాగితమూ ఒకటేనన్న నమ్మకం మేం కలిగించిందే. దాని మీదనే ఆ దొంగ పేజీ ఎక్కి కూర్చుంది.

"నేను పోయి చూసిన, ఆడ కొలను లేదు, పార్కు లేదు, జొన్న మోళ్ళు ఉన్నయి అంటే ఇంటలేడు చెల్లె" అంది లక్ష్మి. ఆమె గొంతు మొదటిసారి సన్నబడింది. "మా తమ్మునికి కొనవెట్టుడు నీకు ఇష్టం లేదు, అందుకే లేనిపోనివి చెప్తున్నవ్ అంటున్నడు. ఇంట్ల గూసొని కతలు చెప్తున్ననంట."

గంగామణి అక్క అంతదాకా మిషను దగ్గర నిలబడి వింటూ ఉంది. ఆ చివరి మాటకు వచ్చి లక్ష్మి చేతిలోని ఫోన్ అందుకుంది. "ఆయనకు చెయ్యి" అంది. ఫోన్ కలిసింది. "నేను ప్రెస్సు గంగామణిని మాట్లాడుతున్న తమ్మీ. గీ పుస్తకం చేసిన మనిషి ఎస్తేరు అని మా దగ్గర ఉంటది. అచ్చరం అచ్చరం ఆమె చేసింది, రాయి రాయికి ఆమె తిరిగింది. ఆమె చెప్తది, ఇను" అని నాకిచ్చింది. ఇస్తూ చెయ్యి అడ్డం పెట్టి "రోజూ నా మీద పెడతవ్ గదా, గా నోరు ఇయ్యాల గీన మీద పెట్టు" అని గొణిగింది.

పెట్టాను. ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టి, తెరవండి, చూడండి, ఇది నేను చేసింది, ఇది నేను చేసింది అంటూ ఐదు దాకా వచ్చాను. "ఇప్పుడు ఆరో పేజీ తీయండి. అది నేను చేయలేదు. అది భూమ్మీద లేదన్నా. మీ ఆమె నేల మీద నిలబడి చూసింది, నేనూ నిలబడి చూశాను. ఇద్దరం చూసినదాన్ని నమ్మకుండా, ఎవరూ నిలబడని నీళ్ళను నమ్ముతరా?" అవతల నెట్ సెంటర్లో ఎవరో హిందీలో మాట్లాడుకుంటున్నారు. తర్వాత ఆయన "ఆమెకియ్యి" అన్నాడు. లక్ష్మి ఫోన్ తీసుకొని వింటూ వింటూ కొంగుతో ముఖం తుడుచుకుంది. "గట్లనకు... సరే తియ్యి... తిన్నవా?" అంది. అంతే. ఆ రోజూ, ఆ తర్వాతి శుక్రవారాలూ వచ్చిన ప్రతి ఆడమనిషి ఫోన్ మీదా నేను అదే మాట చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు మీరు సేటుతో చెడి ఇలా చెబుతున్నారని తిట్టి కొనుక్కున్నారు. ఆ కొలను ఎన్నడూ రాలేదు.

హన్మాండ్లు వచ్చి సందులో నిలబడి అరిచాడు. ఆ తర్వాత ఆయన పని రాలేదు, ఆయనకు తెలిసిన వెంచర్లవాళ్ళ పనీ రాలేదు. ప్రెస్సు మళ్ళీ బిల్లు పుస్తకాలకూ పెళ్ళి కార్డులకూ వచ్చేసింది. గంగామణి అక్క ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. కొన్నేళ్ళకు నేను సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. పోతానని నేనే చెప్పాను. అప్పుడూ ఉండమనలేదు. నా పేరు ఫోన్‌లో ఎడారిదాకా పంపిన మనిషి, కాగితం మీద మాత్రం ఎన్నడూ వేయలేదు.

ఆమె జ్వరంతో దవాఖానలో చేరి వారం తిరక్కుండానే పోయింది. పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. భూమన్న మస్కట్ నుంచి ఎప్పుడో వచ్చేశాడు. ముసలివాడయ్యాడు. వాకిట్లో వేసిన టెంటు కింద కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఓదార్పు మాటలు చెప్పి వచ్చేద్దామనే పోయాను. కూర్చున్నాక నా నోరు ఊరుకోలేదు.

"అన్నా, కాల్వ పక్క ప్లాటును అక్క పోయి చూసింది. గట్టు మీద నిలబడి చూసింది."

ఆయన తలెత్తాడు. ఏ ప్లాటు అని అడగలేదు. "ఎరికే" అన్నాడు.

"ఎప్పటి సంది?"

"రెండు కాయిదాలు చూపెట్టిన్నాడే ఎరికైంది."

"మరి అక్కకు చెప్పినవా?"

పక్కనున్న చుట్టం ఒకాయన "ఏయ్ అమ్మా, ఇయ్యాల గివేం మాటలు" అన్నాడు. భూమన్న చెయ్యెత్తి ఆపాడు. తన పాదాల వైపు చూశాడు. "గదేమన్న చెప్పేదా? నేను నమ్మిన్నని ఆమెకు ఎరికే అనుకున్న" అన్నాడు.

"ఆమెకు ఎరిక లేదన్నా" అన్నాను. లేచి వచ్చేశాను.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు పేజీలు కట్టేటప్పుడు, నేను ఇంకో గదిలో కూర్చొని ఫోన్ చేసి చదివించుకుంటాను. చాదస్తమని నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను మోస్తున్నది అది కాదు. నమ్మాను అన్న ఒక్క మాట కోసం ఆమె అన్నేళ్ళు అడగకుండా ఎదురుచూసింది. ఆ మాట ఆయన దగ్గర అంతకాలమూ ఉంది. చివరికి అది నా చేతికి వచ్చింది. నాకు రావలసింది కాదు. నేను చాలామంది మీద ఫిర్యాదులు చేశాను, ఎవరి దగ్గర చేయాలో ప్రతిసారీ నాకు తెలిసే ఉండేది. ఈ ఒక్కదాన్ని తీసుకొని ఎక్కడికి పోవాలో తెలియక నా దగ్గరే పెట్టుకున్నాను.